వరి బరువు ఎక్కడి నుంచి వచ్చింది? ఏడో తరగతి 'మొక్కలలో పోషణ' పాఠంపై ఒక ఛాత్రోపాధ్యాయురాలి కేస్ స్టడీ

ఎండిన వరిగడ్డి బరువులో ఎక్కువ భాగం గాలి నుంచి వచ్చిందే. నాగార్జునసాగర్ ఎడమ కాలువ కింద, మిర్యాలగూడ చుట్టుపక్కల ఊళ్లలో పుట్టి పెరిగిన పిల్లలకు ఈ మాట చెబితే నమ్మరు. అలా నమ్మకపోవడానికి వాళ్ల దగ్గర గట్టి కారణాలే ఉన్నాయి. యూరియా వేసిన వారానికి చేను ముదురు పచ్చగా మారడం వాళ్లు ఏటా రెండు పంటల్లోనూ చూస్తున్నారు. యూరియా దొరక్క ఆలస్యమైతే చేను పసుపు తిరగడమూ చూశారు. ఇంట్లో డబ్బు దేని మీద ఖర్చవుతుందో, ఏ బస్తా కోసం నాయన తెల్లవారుజామున లైన్లో నిలబడతాడో వాళ్లకు తెలుసు. గాలికి ఎవరూ డబ్బు కట్టరు. అలాంటి పిల్లలకు మొక్క ఆకులో ఆహారం తయారు చేసుకుంటుందని ఎలా చెప్పాలి? నా ఇంటర్న్‌షిప్‌లో నేను అన్నిటికన్నా ఎక్కువగా ఆలోచించిన ప్రశ్న ఇదే. ఆ పాఠం నడిచిన తీరును, పిల్లల మాటలతో సహా, ఇక్కడ రాస్తున్నాను.

బీఎడ్‌లో నాది జీవశాస్త్రం మెథడాలజీ, అంటే ఆ సబ్జెక్టు బోధనా పద్ధతులు. 2014లో జాతీయ ఉపాధ్యాయ విద్యా మండలి (ఎన్‌సీటీఈ) నిబంధనలు మారాక బీఎడ్ రెండేళ్లయింది, బడిలో గడిపే ఇంటర్న్‌షిప్ మొత్తం ఇరవై వారాలకు పెరిగింది. అందులో పదహారు వారాలు రెండో ఏడాదిలో ఒక్కచోటే వస్తాయి. ఈ కేసుకు ఆ సమయమే ఆధారం. కింద రాసిన, కప్పుల్లో గింజలు నాటిన ప్రయోగానికి వారాలు కావాలి, పిల్లల ఆలోచన కదలడానికి అంతకన్నా ఎక్కువ కావాలి. నేను పనిచేసింది ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాలలో. పిల్లల్లో చాలామందివి సొంత పొలమో కౌలు పొలమో ఉన్న ఇళ్లు. కొందరి తల్లిదండ్రులు రైస్ మిల్లుల్లో హమాలీలుగానో, ఇటుక బట్టీల్లోనో పనిచేస్తారు. సైన్స్ పుస్తకం ద్విభాషా పుస్తకం, ఒక పక్క ఇంగ్లిష్, ఒక పక్క తెలుగు. మా మాటలన్నీ తెలుగులోనే సాగాయి.

ముందు వాళ్లేమనుకుంటున్నారు

బీఎడ్‌లో మేం రాసే పాఠ్య పథకంలో 'పూర్వజ్ఞాన పరిశీలన' అని ఒక మెట్టు ఉంటుంది. రికార్డుల్లో సాధారణంగా అది ఇలా కనిపిస్తుంది: మూడు నాలుగు ప్రశ్నలు, వాటికి రావాల్సిన జవాబులు, చివర పిల్లలు జవాబు చెప్పలేని ఒక సమస్యాత్మక ప్రశ్న, వెంటనే శీర్షిక ప్రకటన. మనం ఎందుకు తింటాం? శక్తి కోసం. జంతువులు ఏం తింటాయి? గడ్డి. మరి మొక్కలు ఆహారం ఎలా పొందుతాయి? మౌనం. "ఈ రోజు మనం మొక్కలలో పోషణ గురించి తెలుసుకుందాం." ఈ ప్రశ్నలు పిల్లల్ని శీర్షిక దగ్గరికి తీసుకొస్తాయి. పిల్లల మనసులో అప్పటికే ఏముందో మాత్రం బయటికి రానివ్వవు. పైగా చివరి ప్రశ్నకు పిల్లలు మౌనంగా ఉంటారని మనమే ముందే రాసి పెట్టుకుంటాం. నిజానికి మా తరగతిలో ఆ ప్రశ్నకు ఎవరూ మౌనంగా ఉండరు. అందరి దగ్గరా జవాబు ఉంది.

అందుకని మెంటర్ సార్‌ను, అంటే ఇంటర్న్‌షిప్‌లో నాకు దారి చూపే ఆ బడి ఉపాధ్యాయుణ్ని, అడిగి ఒక పీరియడ్ మొత్తం దీనికే తీసుకున్నాను. ఒక్కొక్కరికీ సగం కాగితం ఇచ్చి ఒకే ప్రశ్న అడిగాను: "గుప్పెడు వడ్లు నారు పోశారు. నాలుగు నెలలకు మోపుల కొద్దీ గడ్డి, బస్తాల కొద్దీ వడ్లు వచ్చాయి. అదంతా ఎక్కడి నుంచి వచ్చింది? బొమ్మ వేసి, బాణం గుర్తులు పెట్టి చూపించండి." పేరు రాయొద్దని, మార్కులు లేవని చెప్పాను.

ఆ బొమ్మలు ఇప్పటికీ నా దగ్గర ఉన్నాయి. దాదాపు అన్నింట్లోనూ బాణాలు నేల నుంచి వేళ్లలోకి, వేళ్ల నుంచి కాండంలోకి పోతున్నాయి. చాలా కాగితాల్లో యూరియా బస్తా ఉంది, డీఏపీ బస్తా ఉంది, కాలువ నీళ్లున్నాయి. సూర్యుడు అన్ని బొమ్మల్లోనూ మూలన వెలుగుతున్నాడు, కానీ సూర్యుడి నుంచి మొక్కకు బాణం గీసినవాళ్లు కొద్దిమందే. గాలి దాదాపు ఎక్కడా లేదు. గాలి గీసిన ఒకరిద్దరు కూడా మొక్క నుంచి బయటికి బాణం పెట్టి 'ఆక్సిజన్ ఇస్తది' అని రాశారు. చెట్లు మనకు ప్రాణవాయువు ఇస్తాయని చిన్న తరగతుల నుంచీ పాడుకున్న పాఠం అది. చెట్టు గాలి నుంచి ఏదో తీసుకుని ఒళ్లు పెంచుకుంటుందన్న ఊహ ఆ పాఠంలో లేదు.

బొమ్మలు చూస్తూ మాట్లాడించాను. ఒకబ్బాయి చెప్పింది మొత్తం తరగతి మాటగా తీసుకోవచ్చు: "మనం అన్నం తింటం మేడం, చేను మందు తింటది. మందు ఏయకపోతే బక్కగైతది."

ఇక్కడ ఒక చిన్న విషయం చెప్పాలి. ప్రశ్న అడిగాక ఉపాధ్యాయులు సగటున ఒక సెకను కూడా ఆగరని, కనీసం మూడు సెకన్లు ఆగితే పిల్లల జవాబుల పొడవు, నాణ్యత రెండూ పెరుగుతాయని మేరీ బడ్ రో అనే అమెరికన్ పరిశోధకురాలు 1970లలో చూపించారు. మెథడాలజీ క్లాసులో పరీక్ష కోసం చదివిన సంగతి ఇది. ఈ పీరియడ్‌లో నేను మనసులో మూడు లెక్కపెట్టాను. ముందు బెంచీ పిల్లలు మొదటి సెకనులోనే పుస్తకంలో మాట చెప్పేస్తారు. రెండు, మూడు సెకన్లు దాటాక పొలం మాట వస్తుంది. నాకు కావాల్సింది ఆ పొలం మాటే.

అయోడిన్ చుక్క

పాఠంలో ప్రధాన ప్రయోగం ఆకులో పిండి పదార్థాన్ని గుర్తించడం. మొక్క కుండీని రెండు రోజులు చీకట్లో ఉంచి, ఒక ఆకుకు నల్ల కాగితం చుట్టి, తర్వాత ఎండలో పెట్టాలి. ఆకును మొదట వేడి నీళ్లలో ముంచి, ఆ తర్వాత స్పిరిట్‌లో మరిగించి పత్రహరితం తీసేయాలి. స్పిరిట్‌ను ఎప్పుడూ నేరుగా మంట మీద పెట్టకూడదు. పెద్ద పాత్రలో నీళ్లు కాగాక మంట ఆర్పేసి, స్పిరిట్ ఉన్న పరీక్షనాళికను ఆ వేడి నీళ్లలో దించాలి. కొత్తగా వచ్చే ఛాత్రోపాధ్యాయులు ఈ ఒక్క జాగ్రత్తను తప్పనిసరిగా పాటించాలి. నలభై మంది పిల్లలు బల్ల మీదికి వంగి చూస్తున్నప్పుడు స్పిరిట్ ఆవిరి అంటుకుంటే ఆపడం ఎవరి తరమూ కాదు.

ప్రయోగం బాగా వచ్చింది. ఎండ తగిలిన భాగం నీలి నలుపుకు తిరిగింది, కాగితం కింద దాగిన భాగం లేత గోధుమ రంగులో మిగిలింది. మధ్యాహ్న భోజనంలో మిగిలిన అన్నం మెతుకు మీద కూడా చుక్క వేయించాను. అదీ నల్లబడింది. ఆకులో ఉన్నదీ అన్నంలో ఉన్నదీ ఒకటేనని అప్పుడు గట్టిగా అరిచారు. ఆ పీరియడ్ చూసిన వాళ్లెవరైనా పాఠం అయిపోయిందనే అంటారు. అడిగిన ప్రతి ప్రశ్నకూ పిల్లలు సరిగ్గా జవాబు చెప్పారు.

మర్నాడు అవే బొమ్మలు తిరిగిచ్చి, ఏమైనా మార్చాలనుకుంటే ఎర్ర పెన్నుతో మార్చమన్నాను. చాలామంది సూర్యుడి నుంచి ఆకుకు బాణం గీశారు. ఆకు పక్కన 'పిండి పదార్థం' అని రాశారు. నేల నుంచి వచ్చే బాణాలు, యూరియా బస్తాలు మాత్రం చెక్కుచెదరలేదు. ఒకమ్మాయి వివరణ ఎంత సమంజసంగా ఉందంటే, నేను రాసి పెట్టుకున్నాను: "మందు ఏళ్లకెళ్లి ఆకులకు పోతది. ఎండకు అది ఉడికి పిండి అయితది."

అయోడిన్ ప్రయోగంలో ఈ వివరణను కాదనే సాక్ష్యం ఒక్కటీ లేదు. ఎండ తగిలిన చోట పిండి పదార్థం ఉందని మాత్రమే అది చెబుతుంది. ఆ పిండి దేనితో తయారైందో చెప్పదు. ఆ అమ్మాయి కొత్త సంగతిని తన పాత నమ్మకంలో ఎంతో తెలివిగా అమర్చుకుంది. ఆ రోజు నుంచి నేను పాఠ్య పథకాన్ని వేరే వైపు నుంచి రాయడం మొదలుపెట్టాను. పుస్తకంలో ఏ ప్రయోగం ఉందనేది తర్వాతి మాట. పిల్లల వివరణ ఎక్కడ నిలబడలేదో వాళ్లే చూడగలిగే చోటు ఏది? దాన్ని ముందు వెతకాలి.

బస్తాలు, క్వింటాళ్లు

ఆ చోటు వాళ్ల ఇళ్లలోనే దొరికింది. శనివారం ఇంటిపని ఇచ్చాను: యాసంగిలో ఎకరానికి ఏ మందు ఎన్ని బస్తాలు వేశారు, ఎన్ని క్వింటాళ్ల వడ్లు అమ్మారు? నాయననో అమ్మనో అడిగి రాసుకు రావాలి. పొలం లేనివాళ్లు పక్కింట్లో అడగాలి. ఇంటిపనిని ఇంతమంది ఇష్టంగా చేయడం నేను ఆ బడిలో మళ్లీ చూడలేదు. కొందరి కాగితాల మీద పెద్దవాళ్ల చేతిరాత ఉంది. కూలి ఖర్చు, ట్రాక్టర్ కిరాయి కూడా కలిపి రాసిచ్చిన తండ్రులున్నారు.

అంకెలు ఇంటింటికీ వేరు. బోర్డు మీద మేం కట్టిన లెక్క మాత్రం ఇలాంటిది. యూరియా మూడు బస్తాలు, బస్తా 45 కిలోలు. డీఏపీ ఒక బస్తా, 50 కిలోలు. పొటాష్ అర బస్తా. అన్నీ కలిపితే రెండు క్వింటాళ్ల పైచిలుకు. వచ్చిన వడ్లు పాతిక క్వింటాళ్లు. గడ్డి ఎవరూ తూచరు. గడ్డి బరువు సుమారు వడ్ల బరువంత ఉంటుందని మెంటర్ సార్ చెప్పారు. అంటే మొత్తం యాభై క్వింటాళ్లు.

"రెండు క్వింటాళ్లు తిని యాభై క్వింటాళ్లు ఎట్ల అయింది?" అని అడిగి ఆగాను. ఈసారి మూడు సెకన్లు చాలలేదు.

మొదట వచ్చిన జవాబు నీళ్లు. దాన్ని కొట్టేసింది ఒక పిల్లవాడే. ఐకేపీ వడ్ల కొనుగోలు కేంద్రంలో తేమ మీటరు పెట్టి 17 శాతం దాటితే వడ్లు తీసుకోరని వాడికి తెలుసు. ఎండబోసి, మళ్లీ ఎండబోసి, వాన వస్తే పట్టాలు కప్పి కాపలా కాసిన ఇల్లు వాడిది. "నూరు కిలోలల్ల నీళ్లు పదిహేడే మేడం, మిగిలింది ఎనభై మూడు." తరగతిలో నేను విన్న అత్యుత్తమ వాదనల్లో ఇదొకటి. కొనుగోలు కేంద్రంలో నేర్చుకున్న జ్ఞానం జీవశాస్త్రం పాఠంలోకి వచ్చి కూర్చుంది.

రెండో జవాబు నేల. "భూమి సారం" అన్నారు. సరే, ఏటా ఎకరానికి యాభై క్వింటాళ్లు, రెండు పంటలైతే వంద క్వింటాళ్లు నేల నుంచి పోతుంటే, తాతల కాలం నుంచి సాగు చేస్తున్న మడి ఇప్పటికి ఎంత లోతు కావాలి? ఇక్కడ బెల్జియం శాస్త్రవేత్త వాన్ హెల్మాంట్ కథ చెప్పాను. ఆయన 200 పౌండ్ల ఎండబెట్టిన మట్టిని కుండీలో పోసి, అయిదు పౌండ్ల విల్లో మొక్క నాటి, అయిదేళ్లు నీళ్లు మాత్రమే పోశాడు. చెట్టు 169 పౌండ్ల బరువుకు పెరిగింది. మట్టి మళ్లీ ఎండబెట్టి తూస్తే తగ్గింది రెండు ఔన్సులే. ఆయన చనిపోయాక, 1648లో ఈ ప్రయోగం అచ్చయింది. పదో తరగతి వరకు ఆగకుండా ఇక్కడే చెప్పడం మంచిదైంది, ఎందుకంటే పిల్లలు అప్పటికే అదే లెక్కలో ఉన్నారు. చెట్టంతా నీళ్ల నుంచే వచ్చిందని హెల్మాంట్ తేల్చాడు. అది విని తేమ మీటరు పిల్లవాడు ఒప్పుకోలేదు, "ఎండబెట్టి తూయలే గదా" అన్నాడు.

ఆ రోజు గాలి మాట నేను ఎత్తలేదు. ఎవరైనా ఎత్తుతారేమో అని చూశాను. గంట కొట్టేశారు.

బూడిద

తర్వాతి అడుగు మెంటర్ సార్ ఆలోచన. మధ్యాహ్న భోజనం వండే అమ్మ కట్టెల పొయ్యి మీదే వండుతుంది. కట్టెలు పెట్టే ముందు తూచి, మర్నాడు పొయ్యి చల్లారాక బూడిద తూస్తే? ఆమె సంతోషంగా ఒప్పుకుంది. బొగ్గు మిగలకుండా పూర్తిగా కాలనిచ్చింది కూడా. పది కిలోల కట్టెకు బూడిద పావు కిలో కూడా రాలేదు. చాటలో ఆ కొంచెం బూడిదను తరగతికి తెచ్చి బల్ల మీద పెట్టాం.

నేల నుంచి చెట్టు తీసుకున్న ఖనిజాలు దాదాపుగా ఆ చాటలో ఉన్నాయి. మిగతా తొమ్మిది కిలోల చిల్లర ఎక్కడికి పోయింది? పొగలో పోయింది, గాలిలో కలిసింది అన్నారు. గాలిలోకి పోయేది గాలి నుంచి వచ్చి ఉండొచ్చు కదా అని ఒకమ్మాయి మెల్లగా అంది. నేను ఎదురు చూసిన వాక్యం అది. అది తన నోటి నుంచే వచ్చింది, అంతవరకు ఆగడమే ఆ పూట నేను చేసిన బోధన.

అయితే అంతలోనే ఇంకో అమ్మాయి లేచింది. వాళ్ల నాయన మిల్లులో పనిచేస్తాడు. "ఊక కాలిస్తె బూడిద గింత ఉండది మేడం. లారీలకు లారీలు వస్తది. ఇటుక బట్టీల కాడ కుప్పలు పోస్తరు." తరగతి మొత్తం నావైపు చూసింది.

ఆమె చెప్పింది అక్షరాలా నిజం. కట్టె కాలిస్తే బూడిద సాధారణంగా నూటికి ఒకటి రెండు పాళ్లు. ఊక కాలిస్తే దాదాపు ఐదో వంతు బూడిదే. అందులో చాలా భాగం, తొంభై శాతం దాకా, సిలికా. ఇసుకలో ఉండే పదార్థమే అది. వరి దాన్ని నేల నుంచి నీటితో పాటు పీల్చుకుని ఊకలోనూ ఆకుల్లోనూ దాచుకుంటుంది. ఊక గరుకుగా ఉండేది, వరి ఆకు అంచు చేతికి కోసుకునేది అందువల్లే. ఆ పూట అంతవరకు నాకు తెలిసింది తెలిసినట్టు చెప్పి, మర్నాడు ఊక, బియ్యం రెండూ విడివిడిగా రేకు మూతల మీద కాల్చి చూపిస్తానన్నాను. ఊక బూడిద తెల్లగా, ఊక ఆకారంలోనే మిగిలింది. బియ్యం చాలాసేపు నల్లగా మాడి, చివరికి పిసరంత బూడిద మిగిలింది. బియ్యంలో ఖనిజాలు నూటికి ఒక పాలు కూడా ఉండవు.

పాఠ్య పథకంలో లేని ఈ పీరియడ్ వల్ల పాఠం మరింత నిజమైంది. 'నేల నుంచి ఏమీ రాదు' అనేది కూడా తప్పే. వరి నేల నుంచి ఏం తీసుకుంటుందో, ఎంత తీసుకుంటుందో పిల్లలు ఇప్పుడు విడదీసి చూడగలిగారు. ఊక గురించి అడిగిన అమ్మాయి అంతకు ముందు తరగతిలో నోరు విప్పేది కాదు. మిల్లు సంగతి మాట్లాడాల్సి వచ్చేసరికి తరగతిలో ఆమెకు తెలిసినంత ఇంకెవరికీ తెలియదు. ఆ తర్వాత వారాల్లో కూడా ఆమె చేయి ఎత్తడం ఆగలేదు.

హెల్మాంట్ గురించి చెప్పాల్సిన రెండో సంగతి ఇక్కడ చెప్పాను. 62 పౌండ్ల ఓక్ బొగ్గు కాలిస్తే ఒక పౌండు బూడిద మిగిలిందని, మిగతాదంతా కంటికి కనబడని వాయువుగా పోయిందని రాసింది ఆయనే. గ్యాస్ అనే పేరు పెట్టిందీ ఆయనే. అంటే తన చెట్టు దేనితో పెరిగిందో ఆ వాయువును ఆయన మరో ప్రయోగంలో పట్టుకున్నాడు. రెండింటినీ కలపడానికి లోకానికి మరో నూట యాభై ఏళ్లు పట్టింది. 1771లో ప్రీస్ట్లీ పుదీనా మొక్కతో, 1779లో ఇంగెన్‌హౌజ్ సూర్యకాంతితో, 1804లో సొస్యూర్ తూకాలతో ఒక్కో ముక్కా జోడించారు. పిల్లలు ఈ కథ విని ఊరట పడ్డారు. అంత పెద్ద శాస్త్రవేత్తకు తట్టనిది తమకు వెంటనే తట్టకపోవడం వింతేమీ కాదని వాళ్లకు అనిపించింది.

గాలికి బరువుందా?

ఇక అసలు అడ్డంకి. గాలికి బరువు లేదన్నది పిల్లల గట్టి నమ్మకం. బరువు లేనిదాని నుంచి యాభై క్వింటాళ్లు ఎలా వస్తాయి?

కర్రకు రెండు బెలూన్లు కట్టే ప్రయోగం నాకు నచ్చదు. తేడా మరీ స్వల్పం, దారం జరిగినా కర్ర వంగుతుంది. ఆటల గదిలోని ఫుట్‌బాల్, కిరాణా దుకాణం నుంచి గ్రాము వరకు చూపే ఎలక్ట్రానిక్ కాటా తెచ్చాం. బంతి గుండ్రంగా ఉండి మెత్తగా ఉన్నప్పుడు ఒకసారి, పంపు కొట్టి గట్టిపడ్డాక ఒకసారి తూచాం. కొన్ని గ్రాములు పెరిగాయి. మళ్లీ గాలి తీసి తూచమన్నారు, తూచాం. మళ్లీ తగ్గింది. ఇద్దరు ముగ్గురు తమ చేత్తో కొడితేనే నమ్ముతామన్నారు, కొట్టనిచ్చాను.

ఒక ఘనపు మీటరు గాలి దాదాపు 1.2 కిలోలు. తరగతి గది పొడవు, వెడల్పు, ఎత్తు టేపుతో కొలిచి లెక్క వేశారు. గదిలో గాలి 130 కిలోల దాకా తేలింది. లెక్కల సార్ పక్క గది నుంచి వచ్చి చూసి వెళ్లారు. అందులో ఆకు తీసుకునే కార్బన్ డై ఆక్సైడ్ పదివేల పాళ్లలో నాలుగు పాళ్లే అని చెప్పగానే మళ్లీ అనుమానం: అంత కొంచెమేనా? చేను మీద గాలి నిలబడి ఉండదు, రోజంతా కొత్త గాలి వీస్తూనే ఉంటుందని, ఆకు మీద కంటికి కనబడని పత్రరంధ్రాలు లెక్కలేనన్ని ఉన్నాయని మాట్లాడుకున్నాం. ఆకు అడుగు పొర ఒలిచి సూక్ష్మదర్శినిలో చూపించడం ఈ ప్రశ్న తర్వాత పెట్టాను. గాలి లోపలికి పోయే దారి కోసం వెతుకుతున్న పిల్లలు కాబట్టి ఒక్కొక్కరూ చాలాసేపు కన్ను తీయలేదు.

చీకట్లో యూరియా

"మరి మందు ఎందుకు ఏస్తరు?" ఈ ప్రశ్నకు జవాబు లేకుండా పాఠం ముగిస్తే, మేం వాళ్ల అమ్మానాన్నలను అబద్ధం చేసినట్టే. యూరియాలో 46 శాతం నత్రజని. ప్రోటీన్లు కట్టుకోవడానికి, పత్రహరితం తయారు చేసుకోవడానికి మొక్కకు నత్రజని కావాలి. అది లేకపోతే ఆకు పసుపు తిరుగుతుంది. ఆకు పసుపైతే ఎండను పట్టుకునే పని సాగదు, పిండి తయారు కాదు, చేను బక్కగా అవుతుంది. అంటే రైతు చూసింది నిజమే, యూరియా వేస్తే చేను పెరుగుతుంది. నేను చెప్పాల్సింది ఆ రెండింటి మధ్య దారి ఏమిటన్నది.

చెప్పడంతో ఆపకుండా ప్రయోగం ఎలా చేయాలో పిల్లల్నే అడిగాను. మందే తిండి అయితే చీకట్లో ఉన్న మొక్కకు మందు వేసినా పెరగాలి కదా అని ఒక జట్టు అంది. టీ కప్పులకు అడుగున చిల్లులు పెట్టి, ఇసుక మట్టి పోసి, మొక్కజొన్న గింజలు నాటారు. కొన్ని ఎండలో, యూరియా కలిపిన నీళ్లతో. కొన్ని ఎండలో, ఉత్త నీళ్లతో. కొన్ని అట్టపెట్టె కింద చీకట్లో, యూరియా నీళ్లతో. కొన్ని చీకట్లో, ఉత్త నీళ్లతో. యూరియా ఎక్కువైతే వేళ్లు మాడిపోతాయని, చిటికెడే వేయాలని నాకు చెప్పింది పిల్లలే.

మొదటి వారం అంతా తారుమారైనట్టు కనిపించింది. చీకట్లో ఉన్నవే పొడుగ్గా పెరిగాయి. యూరియా జట్టు పిల్లలు గంతులు వేశారు. చీకట్లో ఉత్త నీళ్లు పోసినవి కూడా అంతే పొడుగున్నాయని ఎవరో చూపించాక మౌనం పడింది. గింజలో దాచుకున్న పిండితో మొలక పెరుగుతుందని, పెసలు మూటకట్టి పెట్టినా మొలకలు వచ్చేది అందుకేనని అప్పుడు మాట్లాడుకున్నాం. గింజలోది అయిపోయాక చీకట్లోవి పాలిపోయి వాలిపోయాయి, యూరియా వేసినవీ వేయనివీ ఒకేలా. ఎండలో ఉత్త నీళ్లవి పచ్చగా బతికాయి, తర్వాత తర్వాత కింది ఆకులు పసుపు తిరిగాయి. ఎండలో యూరియా కప్పులే అన్నిటికన్నా ముదురు ఆకుపచ్చగా ఉన్నాయి. పిల్లలు అట్ట మీద రాసిన నివేదికలో ఒక వాక్యం: "ఎండ లేకపోతే మందు పనికి రాదు. ఎండ ఉంటే మందు ఆకుకు సాయం చేస్తది."

విద్యా ప్రమాణాల్లో 'ప్రశ్నించడం, పరికల్పన చేయడం' అని ఒకటి ఉంది. నిర్మాణాత్మక మూల్యాంకనం రిజిస్టర్‌లో దాని కింద మార్కులు వేయడానికి సాధారణంగా నోటుపుస్తకం చూస్తాం. ఈసారి కప్పులే చూశాను.

ఎంతవరకు మారింది

చివరి రాత పరీక్షలో పుస్తకం ప్రశ్నలతో పాటు కొత్త ప్రశ్న ఒకటి పెట్టాను: వేప చెట్టు కొట్టి కట్టెలు ఎండబెట్టారు, ఆ కట్టె బరువు ఎక్కువగా ఎక్కడి నుంచి వచ్చింది, నీకెలా తెలుసు? వరి గురించి అడిగితే విన్న జవాబే రాస్తారు, వేప గురించి అడిగితే ఆలోచించి రాయాలి. సగానికి పైగా గాలిలోని కార్బన్ డై ఆక్సైడ్ అని రాశారు, కారణంగా బూడిదనో హెల్మాంట్ కుండీనో చూపించారు. కొందరు నేల, నీరు, గాలి, ఎరువు అన్నీ సమానంగా రాశారు. ఇది మధ్య దశ అని నా అభిప్రాయం. పాత నమ్మకం వదల్లేదు, కొత్తదానికి చోటిచ్చారు. కొద్దిమంది మాత్రం నేల దగ్గరే ఉన్నారు. వాళ్లలో చాలామంది కప్పుల ప్రయోగం నడిచిన వారాల్లో పత్తి ఏరడానికి పోయి బడికి రానివాళ్లు.

పరీక్షలో సరిగ్గా రాసిన ఒకబ్బాయిని బయట కలిసినప్పుడు అడిగితే, "పరీక్షల గాలి రాయాలె మేడం, పొలానికి యూరియా ఏయాలె" అన్నాడు. ఆ మాట నన్ను చాలా రోజులు వదల్లేదు. రెండూ నిజమే, రెండింటినీ కలిపే గొలుసు మాత్రం వాడి దగ్గర ఇంకా తయారు కాలేదు. మార్కుల్లో అది కనబడదు. పది నిమిషాలు వాడితో కూర్చుని, పసుపు తిరిగిన కప్పును చేతికిచ్చి మాట్లాడాను. "అంటే యూరియా ఆకుకు, ఆకు చేనుకు" అన్నాడు. అది నిలుస్తుందో లేదో ఎనిమిదో తరగతిలో ఎవరైనా అడగాలి.

వెళ్లేముందు మెంటర్ సార్‌తో కూర్చుని వచ్చే ఏడాది పీరియడ్ ప్లాన్ సరిదిద్దాం. కప్పుల్లో గింజలు పాఠానికి మూడు వారాల ముందే నాటించాలి, ఫలితాలు చేతిలో ఉండగా పాఠం మొదలవ్వాలి. బస్తాలు, క్వింటాళ్ల లెక్క మొదటి పీరియడ్‌కు జరగాలి, అయోడిన్ ప్రయోగం గాలి బరువు తర్వాత రావాలి. అప్పుడు నీలి నలుపు మచ్చ చూసి పిల్లలు వేసుకునే ప్రశ్న వేరుగా ఉంటుంది. ఊక కాల్చే పీరియడ్‌ను సార్ తన చేత్తో ప్లాన్‌లో చేర్చారు. పత్తి ఏరే రోజుల్లో బడికి రాని పిల్లల కోసం ఒక జత కప్పులను వాళ్ల వాడలోనే, అంగన్‌వాడీ గోడ పక్కన పెట్టించాలని నేను రాశాను. దానికి ఎవరు నీళ్లు పోస్తారు, ఎవరు కొలతలు రాస్తారు అన్నది ఇంకా తేల్చుకోవాలి. సార్ జూన్‌లో ఆ పిల్లల తల్లిదండ్రులతో మాట్లాడతానన్నారు.